పుస్తకాల పద్దు

ఇంటి ఖర్చులకు లెక్క వ్రాసుకొనే అలవాటు మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్నదే. పాలవాని లెక్క గోడమీది క్యాలెండరులో ఉంటుంది. ఇస్త్రీ బట్టల పద్దు అల్మారా తలుపు వెనుక ఉంటుంది. కిరాణా కొట్టు చిట్టా నెలకొకమారు ఇంటిల్లిపాది ముందు విచారణకు వస్తుంది. గ్యాసు బండ ఏ తేదీన మార్చినదీ గృహిణికి కంఠతా వచ్చును. ఇంత జాగ్రత్తగల ఇళ్లలో కూడ పుస్తకాలకు మాత్రం పద్దు కనిపించదు. ఏటా ఎన్ని కొంటున్నాము, వాటిలో ఎన్ని చదువుతున్నాము, ఎరువిచ్చినవి తిరిగి వచ్చినవా అని అడిగితే పుస్తకప్రియులని పేరుపడినవారు సైతం తల గోక్కొనవలసినదే. ఒకే నవలను రెండు ప్రదర్శనలలో రెండుమార్లు కొన్న మిత్రులు నాకు కనీసం ముగ్గురున్నారు. వారిలో ఒకరు లెక్కల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు!

మన సంస్థలో పనిచేసేవారికి పద్దు అనే మాట కొత్తది కాదు. నౌక మీద ప్రతి కాపలా వేళకూ లాగ్ బుక్కు నిండాలి. స్టోర్సులో ఒక బోల్టు చేరినా, బయటికి పోయినా, దాని బిన్ కార్డులో ఒక గీత పడాలి. హుగ్లీ నదిలో పూడిక తీసే పనిని ఎరిగినవారికి ఇంకొక సంగతి కూడ తెలుసు. ఎంత తీశామన్న అంకె ఒక్కదానితో నదీమార్గం లోతు తెలియదు. ఎంత వచ్చి చేరినదో కూడ కొలవాలి. ఎగువనుంచి, సముద్రంనుంచి వచ్చి చేరే మట్టి, యంత్రం తీసే మట్టి, ఈ రెండింటి వ్యత్యాసమే లోతు. కలకత్తా రేవు బ్రతకడానికి 1975లో ఫరక్కా ఆనకట్ట నుండి నీరు మళ్లించవలసి వచ్చినది ఈ వ్యత్యాసం కారణంగానే. మా ఇంటి పుస్తకాల అరలను చూసినప్పుడల్లా నాకు హుగ్లీ నది గుర్తుకు వస్తుంది. కొనుగోలు అనేది పూడిక. పఠనం అనేది తవ్వకం. జపాను వారికి, కొని చదవక పేర్చిపెట్టే ఈ అలవాటుకు త్సుందోకు అని ఒక ప్రత్యేకమైన మాటే ఉన్నది. మనకు మాట లేదు గాని, అలవాటు పుష్కలంగా ఉన్నది.

కొద్దిపాటి లెక్క వేసి చూద్దాము. రోజుకు 20 పుటలు చదివే ఉద్యోగి సంవత్సరానికి 7,300 పుటలు చదువుతాడు. పుస్తకం ఒకటికి సగటున 250 పుటలనుకుంటే అవి 29 పుస్తకాలు. ఏభై ఎనిమిదేళ్ల వయస్సు గలవాడు మరి ఇరవై ఏళ్లు ఇదే వేగంతో చదివితే మొత్తం 580 పుస్తకాలు పూర్తి అవుతాయి. మరి ఇంట్లో చదవనివి ఇప్పటికే రెండు వందలుండి, ఏటా నలభై చొప్పున చేరుతూ ఉంటే ఏమవుతుంది? ఇరవై ఏళ్ల చివర చదవనివి 420 మిగులుతాయి. పదవీ విరమణ చేసిన పిమ్మట తీరిక పెరుగుతుందని అంటారు. కంటిచూపు తరుగుతుందని కూడ అంటారు. రెండింటినీ కొట్టివేసుకొని అదే వేగాన్ని ఉంచాను.

చదువుకు లెక్క వ్రాసినవారు లోకంలో చాలామంది ఉన్నారు. ఛార్లెస్ డార్విన్ 1838 నుండి 1860 వరకు రెండు నోటు పుస్తకాలలో తాను చదవవలసినవి, చదివినవి వేరువేరుగా వ్రాసుకున్నాడు. చదివినవాటికి తేదీలు, అక్కడక్కడ తన అభిప్రాయం చేర్చాడు. బ్రిటిషు ప్రధానిగా పలుమార్లు పనిచేసిన గ్లాడ్‌స్టన్ డెబ్బై ఏళ్ల పాటు వ్రాసిన దినచర్యలో తాను చదివిన దాదాపు ఇరవై వేల గ్రంథాల పేర్లున్నాయి. అమెరికా గాయకుడు ఆర్ట్ గార్‌ఫంకెల్ 1968 నుండి చదివిన ప్రతి పుస్తకాన్నీ జాబితాకెక్కిస్తూ వచ్చాడు. ఇవన్నీ దూరపు సంగతులు. నాకు ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ మా పేటలోనే ఉన్నది.

ఖిదిర్‌పూర్ అంటే మన పాఠకులలో చాలామందికి రేవు, 1892లో ప్రారంభమైన డాకు, ఫ్యాన్సీ మార్కెట్టు గుర్తుకు వస్తాయి. బంగాళీలకు మాత్రం ఇది కవుల పేట కూడ. మైకేల్ మధుసూదన్ దత్తు బాల్యంలో తండ్రితో నివసించినది ఇక్కడనే. ఆ తండ్రి రాజనారాయణ దత్తు గొప్ప వకీలు. మధుసూదనుడు 1843లో క్రైస్తవం స్వీకరించి ఇంటికి దూరమయ్యాడు. 1848లో మద్రాసు చేరి, అక్కడ ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదురుకున్నాడు. 1849లో కలకత్తాలోని మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు వ్రాసిన లేఖలో తన దినచర్యను గంటల వారీగా తెలియజేశాడు. ఉదయం 6 నుండి 8 వరకు హీబ్రూ. 8 నుండి 12 వరకు పాఠశాల. 12 నుండి 2 వరకు గ్రీకు. 2 నుండి 5 వరకు తెలుగు, సంస్కృతం. 5 నుండి 7 వరకు లాటిన్. 7 నుండి 10 వరకు ఇంగ్లీషు.

ఖిదిర్‌పూర్ నుంచి వెళ్లిన బంగాళీ యువకుడు మద్రాసులో కూర్చుండి రోజూ తెలుగు చదివాడు! పన్నెండేళ్ల పిమ్మట, 1861లో, మేఘనాదవధ కావ్యాన్ని వెలువరించి బంగాళీ కవిత్వపు దారినే మార్చివేసినవాడు ఆయనే. ఆ పట్టికను కూడి చూశాను. మొత్తం 16 గంటలు వచ్చినవి. భోజనానికి ఒక్క గడి లేదు. ఇంజనీరు కంటికి ఇది పనిభారం పట్టిక వలె కనిపిస్తుంది గాని, అమలు జరిగే పట్టిక వలె కనిపించదు. అయినా ఆ పట్టిక ఉన్నందువల్లనే, మద్రాసులో ఆయన బల్లమీద తెలుగు ఉన్నదన్న సంగతి మనకు నూటడెబ్బై ఏళ్లు దాటినా తెలుస్తున్నది. పద్దు చేసే మేలు అది. వ్రాసినవానికి ఏ ప్రయోజనం కలిగినదో వేరే సంగతి.

ఎర్ర ఖాతా

మా ఇంటి పుస్తకాల పద్దు ఎర్ర గుడ్డ అట్ట గల పొడుగాటి ఖాతాలో ఉన్నది. ఈ ఖాతాను బంగాళీలు ఖేరో ఖాతా అంటారు. వారి నూతన సంవత్సరాది అయిన పైలా బైశాఖ్ నాడు, అంటే ఏప్రిలు నడుమ, వర్తకులు పాత ఖాతా మూసి కొత్తది తెరుస్తారు. హాల్‌ఖాతా అని పేరు గల ఆ వేడుకకు ఖాతాదారులను పిలిచి మిఠాయి పెడతారు. కాలేజీ స్ట్రీటు ప్రచురణకర్తలు ఆనాడు కొత్త పుస్తకాలు విడుదల చేసి రచయితలను ఆహ్వానించడం ఆచారం. మన ఉగాది, సర్కారు ఆర్థిక సంవత్సరం, ఈ పైలా బైశాఖ్, మూడూ కొద్ది వారాల తేడాలో వస్తాయి. అందుచేత జనవరి 1 కంటె ఈ కాలమే పద్దు మూయడానికి అనువైనదని నా అభిప్రాయం. జనవరి ఎందుకు పనికిరాదో తరువాత చెబుతాను.

ఖాతాలో నిలువు గడులు ఎన్ని ఉండాలన్న దానిమీద పుస్తకప్రియులకు పెద్ద ఆశలుంటాయి. మొదట ఇరవై గడులు గీస్తారు. రెండవ నెలలో వ్రాయడం మానేస్తారు. నేను తొమ్మిదింటితో సరిపెట్టాను. వరుస సంఖ్య, చేరిన తేదీ, పుస్తకం పేరు, రచయిత, ఎక్కడినుంచి వచ్చినది, తపాలాతో కలిపి ఖర్చు, చదవడం పూర్తయిన తేదీ, చదివినవారు, ఇప్పుడెక్కడున్నది. ఈ చివరి గడి పెన్సిలుతోనే వ్రాయాలి. ఎరువు పోయిన పుస్తకం గురించి మన పెద్దలు చెప్పిన శ్లోకం అందరికీ తెలిసినదే. కాని ఎవరికిచ్చినదీ, ఏ తేదీన ఇచ్చినదీ వ్రాసి ఉంటే, ఆ శ్లోకం సగానికి సగం అబద్ధమవుతుంది. పుస్తకం చివరి పుట లోపలి అంచున అదే వరుస సంఖ్యను పెన్సిలుతో వేస్తాను. ఇక్కడి తేమకు సిరా కాగితంలో పాకుతుంది.

సగం చదివి ఆపినవాటిని ఏమి చేయాలి? ఇది స్లిప్పు మీద నిలిచిపోయిన నౌక వంటిది. పూర్తయిన సరుకు అని వ్రాయరాదు, ముడిసరుకు అనీ వ్రాయరాదు. మన లెక్కల శాఖ వారికి ‘నిర్మాణంలో ఉన్న పని’ అనే శీర్షిక ఉన్నది. నేను దానినే తెచ్చుకొని, ఆగిన పుట సంఖ్యను వ్రాసి వదిలివేస్తాను. ఏడాది చివర అక్కడనే ఆగి ఉంటే దానిని చదవనివాటిలో కలుపుతాను. రెండవమారు చదివినవాటిని కొత్త వరుసగా లెక్కిస్తాను. ఉద్యోగానికి సంబంధించిన నియమావళులు, మాన్యువళ్లు ఖాతాకెక్కవు. వాటిని చదవడానికి జీతం ముడుతున్నది.

గడచిన ఖాతా సంవత్సరపు లెక్క ఇది. ఏడాది మొదట చదవనివి 163. కొన్నవి 38, బహుమతిగా వచ్చినవి 5. సొంత అరలనుంచి చదివినవి 27. చదవకుండానే ఇతరులకు ఇచ్చివేసినవి 9. చివరకు చదవనివి 170. గ్రంథాలయంనుంచి తెచ్చి చదివినవి 11 అదనం. అంటే ఏడాదిలో చదివినవి మొత్తం 38, కొన్నవీ 38. ఈ రెండంకెలు మాత్రమే చూసినవాడు త్రాసు సరిగ్గా నిలిచినదని సంతోషిస్తాడు. నిజానికి చదవనివి ఏడు పెరిగినవి. నిల్వ లెక్కలో రాకలూ పోకలూ అన్నీ ఉండాలనడం ఇందుకే. చదివిన 38లో తెలుగు 17, ఇంగ్లీషు 15, బంగాళీ 6.

ఈ పద్దును నెలల వారీగా గీత గీసి చూస్తే ఇంకొక విషయం బయటపడుతుంది. చదువు గీత ఏడాది పొడుగునా దాదాపు సమతలంగా ఉన్నది. దుర్గాపూజ సెలవులలో కొంచెం పైకి లేచినది, అంతే. కొనుగోలు గీత అలా కాదు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు కొండలాగ లేచి, తక్కిన కాలమంతా నేలబారుగా ఉన్నది. కారణం సులభమే. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన. కొత్త సంవత్సరం మొదటి రోజులలో విజయవాడ పుస్తక మహోత్సవం. జనవరి చివర, ఫిబ్రవరి మొదట కలకత్తా పుస్తక మేళా. పద్దు జనవరి 1న మూసినవాడు ఈ కొండను నడిమికి నరికినట్లవుతుంది. ఒకే కాలపు కొనుగోలు రెండు సంవత్సరాలలో సగం సగం పడుతుంది. అందుచేత నాకు ఏప్రిలు నచ్చినది.

కలకత్తా మేళా 1976లో మొదలైనది. అది మైదానంలో జరిగిన రోజులలో ఖిదిర్‌పూర్ వాసులకు పొరుగింటి పెళ్లి వంటిది. ట్రాము ఎక్కితే దారిపొడుగునా పచ్చిక చూస్తూ పోవచ్చును. 1997లో మేళాలో అగ్నిప్రమాదం జరిగి దుకాణాలు కాలిపోయినా, కొద్ది రోజులలోనే తిరిగి నిలబెట్టారు. 2007లో మేళా మైదానాన్ని వదలి వెళ్లవలసి వచ్చినది. ఇప్పుడు సాల్ట్ లేక్‌లో జరుగుతున్నది. 2020 మే నెలలో వచ్చిన అంఫాన్ తుఫాను తరువాత ఖిదిర్‌పూర్ ట్రాము కూడ ఆగిపోయినది. మాకు మేళా ఇప్పుడు నగరానికి ఆ కొస. బరువు సంచులతో అంత దూరం తిరిగి రావాలన్న భయం కొనుగోళ్లకు మంచి ఆనకట్ట అని మా ఇంటావిడ అభిప్రాయం.

తెలుగు పుస్తకాలు మాత్రం మేళాలో చాలవు. మాకు అవి తపాలాలోనో, సెలవుకు వెళ్లివచ్చిన మిత్రుల పెట్టెలలోనో రావలసినవే. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును నిలిపివేసినప్పుడు మావంటి ప్రవాసులకు గట్టి దెబ్బ తగిలినది. పుస్తకం ధర కంటె పంపే ఖర్చు ఎక్కువ అయిన వరుసలు ఆ నెలల్లో మా ఖాతాలో రెండున్నాయి. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ఖర్చు గడిలో తపాలాను కలపాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఒక్కొక్కటిగా తెప్పించుకొనడం కంటె నాలుగిళ్లవారు కలిసి అయిదు కిలోల కట్ట తెప్పించుకొనడం ఎంత లాభమో ఆ గడియే చెబుతుంది.

కొనకుండా చదివినవి

ఖిదిర్‌పూర్ నుంచి అలీపూర్ వైపు అరగంట నడిస్తే బెల్వెడేర్ భవనం వస్తుంది. ఒకప్పుడు బెంగాలు లెఫ్టినెంటు గవర్నర్ల నివాసం. ఇప్పుడు జాతీయ గ్రంథాలయం. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీగా పుట్టి, 1903లో కర్జన్ ప్రభువు చేతుల మీదుగా ఇంపీరియల్ లైబ్రరీగా ప్రజలకు తెరువబడి, 1948లో జాతీయ గ్రంథాలయమనే పేరు పొందినది. 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ దీనిని బెల్వెడేర్‌లో ప్రారంభించారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా, ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక ప్రతిని ముప్ఫై రోజులలో ఇక్కడికి పంపవలసి ఉన్నది. విజయవాడలో అచ్చయినా, హైదరాబాదులో అచ్చయినా, చట్టం చూపే దారి అలీపూర్‌కే. తెలుగు విభాగం వేరుగా ఉన్నది. కృష్ణా గోదావరి జిల్లాలలో నివసించే పాఠకునికి లేని సౌకర్యం, రేవులో పనిచేసే తెలుగువానికి నడక దూరంలో ఉన్నదన్నమాట. ఇది తెలియక ఏళ్ల తరబడి ఇక్కడ నివసించి వెళ్లిపోయిన తెలుగు ఉద్యోగులు ఎందరో ఉంటారు.

అదే ఆవరణలోని కేంద్ర సందర్భ గ్రంథాలయం వారు భారత జాతీయ గ్రంథసూచిని 1958 నుండి తయారుచేస్తున్నారు. దేశమంతటి అచ్చు పుస్తకాలకు వ్రాసే బిన్ కార్డు అది. ఈ శాస్త్రాన్ని మన దేశంలో నిలబెట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గణితశాస్త్ర అధ్యాపకుడై ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయినవారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలలో చివరిది, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి వంటిదని తెలియజేస్తుంది. మా ఇంటావిడకు ఆ సూత్రం చెప్పి చూశాను. పెరిగే ప్రాణులకు తిండి పెట్టగలము గాని పడకగది ఇవ్వలేము అని సెలవిచ్చినది.

పడకగది మాట వచ్చినది గనుక తేమ సంగతి కూడ చెప్పాలి. కలకత్తా వానాకాలంలో పుస్తకం బూజు పడుతుంది, వెండిపురుగు అట్ట జిగురును తింటుంది. ఖిదిర్‌పూర్‌లో వాన గట్టిగా కురిస్తే వీధి నీరు గుమ్మం తొక్కుతుంది. అంఫాన్ నాడు కాలేజీ స్ట్రీటు దుకాణాల పుస్తకాలు నీటిలో తేలిన చిత్రాలు దేశమంతా చూసినది. 2025 సెప్టెంబరు 23న ఒక్క రోజులో 250 మిల్లీమీటర్లకు పైగా వాన పడినప్పుడు మళ్లీ అదే దృశ్యం. ఆ మరునాడు మా వీధిలోనే నేల అంతస్తులో ఉండే ఒక కుటుంబం తడిసిన తెలుగు పుస్తకాలను మేడమీద ఆరవేసినది. ఏవి పోయినవో ఇంటిపెద్దకు తెలియలేదు, ఏవి ఉండేవో తెలిస్తే గదా! మన స్టోర్సులో సంవత్సరానికొకమారు సరుకును చేతితో తాకి లెక్కపెడతారు. మా ఇంట్లో అది అక్టోబరు నెలలో, వానలు వెనుకబట్టిన తరువాత, మొదటి పొడి ఆదివారం నాడు జరుగుతుంది. ప్రతి పుస్తకాన్నీ దించి, తుడిచి, ఎండలో కాక నీడలో గాలికి పెట్టి, ఖాతాతో సరిచూస్తాము. కింది అరలో ఏముండాలన్నది కూడ ఖాతాయే నిర్ణయిస్తుంది. తిరిగి దొరికేవి కిందికి, దొరకనివి పైకి.

ఇంతవరకు చెప్పినదంతా లెక్క. ఖాతాలోని ‘చదివినవారు’ అనే గడి లెక్క కంటె ఎక్కువ పని చేసినది. ఆ గడిలో తెలుగు పుస్తకాల వరుసలన్నింటిలోను ఏళ్ల తరబడి నా పొడి అక్షరాలు, మా ఇంటావిడ పొడి అక్షరాలు మాత్రమే ఉండేవి. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగినది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో బంగాళీ, ఇంగ్లీషు చదివినది. ఒక అక్టోబరు లెక్కింపులో ఖాతా పట్టుకొని పేర్లు చదివే పని ఆమెకు అప్పగించాము. ఇంగ్లీషు, బంగాళీ పేర్లు చకచకా చదివి, తెలుగు పేర్ల దగ్గర ఆగినది. కొంతసేపు పుటలు తిప్పి, “నాన్నా, ఇన్ని తెలుగు పుస్తకాలలో నా పేరు ఒక్క వరుసలోనూ లేదేం?” అని అడిగినది. వాళ్లమ్మ నావైపు చూసినది. పుస్తకాలన్నీ తరువాత ఎవరికని ఆ చూపుకు అర్థం.

ఖిదిర్‌పూర్‌లోను, గార్డెన్ రీచ్‌లోను, ఖరగ్‌పూర్‌లోను రేవు పనులకు, మిల్లులకు, రైల్వేకు వచ్చి స్థిరపడిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుటుంబాలలో మూడవ తరం నాలుగవ తరం పిల్లలు ఈ స్థితిలోనే ఉన్నారు. నాలుకకు తెలుగు ఉన్నది, కంటికి లేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినది. సంతోషమే. అరలోని పుస్తకాన్ని ఆ నిర్ణయం దించి ఇవ్వదు గదా.

మేము గడి పేరు మార్చాము. ‘చదివినవారు, విన్నవారు’ అని చేశాము. మా అత్తగారికి కంటిలో శుక్లం వల్ల చదవడం కష్టమై చాలా కాలమైనది. రాత్రి భోజనాలయిన పిమ్మట నేను బిగ్గరగా చదవడం, ఆమె, అమ్మాయి వినడం మొదలుపెట్టాము. మొదటి పుస్తకం బారిష్టరు పార్వతీశం. ఓడ ప్రయాణపు ఘట్టాలలో నా వృత్తి వ్యాఖ్యానం అనవసరమని ఇద్దరూ అభ్యంతరం తెలిపారు. తరువాత సత్యం శంకరమంచి అమరావతి కథలు. కథలు నూరు గనుక రాత్రికొకటి చొప్పున నూరు రాత్రులని లెక్క కట్టాను. ప్రయాణాలు, జ్వరాలు, క్రికెట్టు ఆటలు పోను నూట నలభై ఏడు రాత్రులు పట్టినది. నేను ఊరిలో లేని రోజులలో కథ ఆగిపోయేది. తిరిగి వచ్చిన రాత్రి మా అత్తగారు, “బాబూ, ఆ కృష్ణ ఒడ్డునే కదూ మీరు ఆపినది?” అని పుట సంఖ్య కంటె గట్టిగా గుర్తు చెప్పేవారు.

ఆ తరువాత శరత్ వంతు వచ్చినది. చక్రపాణి గారు మొదలైనవారి అనువాదాల వల్ల శరత్ బాబు తెలుగువాడేనని నమ్మినవారు పోయిన తరంలో ఎందరో ఉండేవారు. మా అత్తగారు ఆయన నవలలను బాపట్లలో పెళ్లికి ముందు చదివారట. అమ్మాయి వాటినే బంగాళీలో చదివినది. అమ్మమ్మ తెలుగులో కథ చెప్పడం, మనుమరాలు బంగాళీ పుస్తకం తెరచి ఆ చోటు వెదకి పట్టుకొనడం, అక్కడ అనువాదకుడు వదలివేసిన వాక్యం గురించి వాదించడం, మా ఇంట్లో కొన్ని వారాలపాటు ఇదే కాలక్షేపం. ఖాతాలో ఆ వరుసకు రెండు భాషలు, మూడు పేర్లు ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకం పేరును అట్ట చూసి అమ్మాయియే ఖాతాలో వ్రాస్తున్నది. వ్రాత కాదు, బొమ్మ గీసినట్లే ఉంటుంది. ఒత్తులు ఒక్కొక్కమారు పక్క గడిలోకి పోతాయి.

పదవీ విరమణ దగ్గరపడుతున్నవారికి ఇంకొక చిక్కు ఉన్నది. క్వార్టరు ఖాళీ చేయాలి. మా బీరువాలోని ఒక మీటరు అరను త్రాసు మీద పెట్టి చూస్తే 31 కిలోలు తూగినది. పద్దెనిమిది మీటర్ల అరలు ఆ లెక్కన అరటన్నుకు మించుతాయి. విశాఖకో, గుంటూరుకో లారీ మీద వెళ్లవలసినవి. వాటిలో ఏవి వెళ్లాలి, ఏవి ఇక్కడే ఉండాలి? ఈ ప్రశ్నకు పెద్దలు చూపిన దారి జాతీయ గ్రంథాలయంలోనే కనిపిస్తుంది. సర్ ఆశుతోష్ ముఖర్జీ సేకరించిన దాదాపు 80 వేల గ్రంథాలను ఆయన కుటుంబం 1949లో దానికి ఇచ్చినది. చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ పుస్తకాలు అక్కడ ఉన్నాయి. తమిళ పండితుడు వైయాపురి పిళ్ళై సేకరణ సైతం మద్రాసునుంచి అక్కడికే చేరినది. మన వైపు వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుండి ఇటువంటి పాత పుస్తకాలను, పత్రికలను కాపాడుతున్నది. మన మామూలు సేకరణలను అంతటి సంస్థలు కోరవు. వారి వద్ద ఉన్నవే మన వద్దా ఉంటాయి. అయినా ఏ గ్రంథాలయాధికారి అయినా మొదట అడిగేది ఒకటే: జాబితా ఉన్నదా? జాబితా ఉంటే తమకు లేని పది పుస్తకాలు ఏరుకుంటారు. లేనిచో నమస్కారం పెట్టి పంపివేస్తారు.

మా వరకు మేము ఇక్కడనే ఒక ఏర్పాటు ఆరంభించాము. ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ తెలుగు ఇళ్లలో ఉన్న పుస్తకాలను ఉమ్మడి పట్టికగా కూర్చాలని సంకల్పం. పుస్తకాలు ఎవరి ఇంట్లో వారివే ఉంటాయి. పట్టిక మాత్రం అందరిది. ఎవరికైనా ఏదైనా కావాలంటే ఏ ఇంటి తలుపు తట్టాలో తెలుస్తుంది. సెల్‌ఫోనులో పెట్టవచ్చును గదా అని యువకులు సూచించారు. పెట్టారు కూడ. పెద్దల కోసం కాగితం మీద ఒక ప్రతి ఉంటుంది. రేవులో క్రేను నడిపి విశ్రాంతి తీసుకుంటున్న టెక్కలి పెద్దాయన ఒకరు తమ ఇంట్లోని ఇరవై రెండు పుస్తకాలను చేతితో వ్రాసి తెచ్చి ఇచ్చారు. వాటిలో తొమ్మిది తెలుగు వారపత్రికల సీరియళ్లను చించి కుట్టించుకున్నవి. వాటికి ధర గడి ఖాళీ. ఇప్పటికి నాలుగిళ్ల పట్టికలు చేరినవి, మరి మూడు రావలసి ఉన్నవి. దుర్గాపూజ సెలవులలోగా చేరితే అక్షరక్రమంలో పేర్చి, ఒక ప్రతిని మన సంస్థ రిక్రియేషన్ క్లబ్బు బల్లమీద ఉంచుతాము. విశాఖనుంచి బదిలీ మీద వచ్చే తెలుగు కుటుంబాలు తమ పెట్టెలు విప్పేటప్పుడు ఆ పట్టికను ఒకమారు చూడగోరుతున్నాము.